పాపం... ఎవరిది?

కండొలెన్స్ అనే మాటంటే నాకు మహా ఇష్టం. పైకి చెప్పుకోదగ్గ ఇష్టం కాదనుకోండి. ఎవరింట్లోనో మనిషి పోయాడని కబురొస్తే వీధిలోవాళ్ళంతా చెప్పులేసుకుని బయల్దేరతారు. నేను పుస్తకాల బీరువా దగ్గరికి బయల్దేరతాను. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనుకుంటూ మా ఆవిడ తాళంచెవులు తీసుకుని వెళ్ళిపోతుంది. వెళ్ళి, వాళ్ళింట్లో నలుగురికీ కాఫీ కలిపిచ్చి, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చుని తనూ కాస్త ఏడ్చి, పోయినవారి ఆస్తి పంపకాల సంగతి కూడా ఆనుపానులతో సహా తెలుసుకుని, తిరిగొచ్చి తలస్నానం చేస్తుంది. అప్పటికి నేను నిఘంటువులో ఆ పేజీ దాటి ఉండను.

డిగ్రీ కాలేజీలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం వదిలింది, పాఠం చెప్పే రోగం వదల్లేదు. వినడానికి పిల్లలు లేకపోయేసరికి ఇంట్లోవాళ్ళ మీద పడ్డాను. అందులోనూ, ఎదుటివాళ్ళు కష్టంలో ఉన్నప్పుడు నాకు పాఠం తన్నుకొస్తుంది. వాళ్ళు లేచి పారిపోయే స్థితిలో ఉండరు కదా.

ముందు ఆ మాట సంగతి చెప్పనివ్వండి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. లాటిన్‌లో 'డొలేరే' అంటే నొప్పి పడటం, దుఃఖపడటం. దాని ముందు 'కలిసి' అనే అర్థమిచ్చే 'కాన్' చేరింది. ఒకరి నొప్పిని మనమూ కలిసి పడటమే కండొలెన్స్. దీన్ని ఓదార్చడం అనే అర్థమున్న 'కన్సోల్'తో కలగాపులగం చేసేవాళ్ళున్నారు. అది వేరే ఇంటి పిల్ల. ఈ 'డొలేరే' వంశం మాత్రం చాలా పెద్దది. చుట్టాల ఇళ్ళకి వెళ్ళమంటే మోకాళ్ళ నొప్పులని వంక పెట్టే నేను, ఈ మాటల చుట్టరికాలు వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోతాను. ఒకటో శతాబ్దంలో సెల్సస్ అనే రోమన్ వైద్యం గురించి పెద్ద గ్రంథం రాశాడు. ఒంట్లో ఎక్కడైనా వాపు వస్తే నాలుగు గుర్తులుంటాయన్నాడు. రూబర్, ట్యూమర్, కాలర్, డోలర్. అంటే ఎరుపు, పొంగు, వేడి, నొప్పి. ఇప్పటికీ మెడికల్ కాలేజీ పిల్లలు ఈ నాలుగూ వల్లిస్తూనే ఉన్నారు. ఆ నాలుగోదే మన కండొలెన్స్‌లో కూర్చున్నది.

ఈ జ్ఞానాన్ని ఒకసారి ఇంట్లో ప్రయోగించాను. అర్ధరాత్రి మా ఆవిడకి పన్నుపోటు. దవడ పట్టుకుని మంచం మీద కూర్చుంది. నేను లైటు వేసి, కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని, చెంపని అటూ ఇటూ తిప్పి చూశాను. "ఎరుపుంది. పొంగుంది. చెయ్యేస్తే వేడిగానూ ఉంది. నాలుగోది నువ్వే చెప్పాలి" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. నోరు తెరవలేకపోవడాన్ని శ్రద్ధగా వినడం అనుకుని సెల్సస్ గురించి సాంతం చెప్పాను. చివరికి పళ్ళ సందులోంచి "లవంగం" అనే మాట వినిపించింది. సంతోషంగా వంటింట్లోకి వెళ్ళి పోపులపెట్టె తీశాను. ఆవాలున్నాయి, జీలకర్రుంది, మెంతులు, మినప్పప్పు, తుంపిన ఎండుమిరపకాయలు, అన్నీ ఉన్నాయి. "లవంగాలు లేవే" అని కేకేశాను. ఆవిడే లేచొచ్చింది. ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేత్తో ధనియాల డబ్బా వెనకనున్న పాత హార్లిక్సు సీసా లాగి, మూత నాచేత తిప్పించి, ఒక లవంగం పంటికింద పెట్టుకుని వెళ్ళి పడుకుంది. రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ ఏమన్నాడో తెలిసిన మనిషికి సొంత వంటింట్లో లవంగాలెక్కడున్నాయో తెలీదన్న సంగతి మర్నాటికల్లా మా వియ్యపురాలి దాకా చేరింది.

'డొలేరే' వంశంలో ఇంకో అమ్మాయి ఉంది. ఆవిడ్ని మా గుమ్మం తొక్కనివ్వకూడదని చాలాకాలం జాగ్రత్తపడ్డాను. ఆవిడ పేరు ఇండొలెన్స్. 'ఇన్' అంటే లేకపోవడం. నొప్పి తెలియకపోవడం అనే అర్థంతోనే ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. నొప్పి పుట్టించకుండా నెమ్మదిగా పెరిగే వ్రణాన్ని డాక్టర్లు ఇప్పటికీ ఇండొలెంట్ అనే అంటారు. కానీ మామూలు జనం నోట్లో పడి పద్ధెనిమిదో శతాబ్దం మొదటికల్లా దానికి బద్ధకం అనే అర్థం స్థిరపడింది. నొప్పి తెలియనివాడు కదలడు, కదలనివాడు సోమరి. ఎవరు కట్టారో గానీ ముడి బాగానే కట్టారు.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి చెప్పింది. "నాన్న చెప్పే అర్థాలన్నీ ఫోన్లోనే ఉంటాయమ్మా" అని తల్లికి వెతకడం నేర్పింది. మా ఆవిడ మొదటిరోజే కండొలెన్స్ అని కొట్టి, అక్కణ్ణించి పక్క గడప తొక్కి, ఇండొలెన్స్ దగ్గర ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని నా వైపు చూసింది. పడక్కుర్చీలో ఉన్నాను. ఆ తర్వాత ఎవరైనా ఫోన్ చేసి అన్నయ్యగారేం చేస్తున్నారని అడిగితే, "కలిసి నొప్పి పడదామనే కూర్చున్నారు వదినా, మొదటి అక్షరం దగ్గర తేడా వచ్చింది" అంటోంది. అవతలివాళ్ళకి అర్థం కాదు. ఇవతలివాడికి అవుతుంది.

ఇక జాడీ సంగతికి వస్తాను. దీన్ని దాటేద్దామనే చూశాను గానీ, నన్నెరిగినవాళ్ళు చదివితే ముందు దీన్నే వెతుకుతారు.

మే నెల. కొత్తపల్లి కొబ్బరి కాయలు, దగ్గరుండి జీడి తీయించి టెంకతో సహా కొట్టించిన ముక్కలు. కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, పప్పునూనె. మూడో రోజున జాడీ దింపి, వాసెన విప్పి, అడుగు నుంచి తిరగ కలిపి మళ్ళీ నూనె పోయాలి. ఆ పని మా ఆవిడ ఎవర్నీ చెయ్యనివ్వదు. తడి చెయ్యి తగులుతుందని భయం. ఆ రోజు తగిలింది తడి కాదు, నూనె. జాడీ పైకి ఊరిన నూనెకి పట్టు జారింది. నేను హాల్లో చదువుకుంటున్నాను. దబ్బుమన్న చప్పుడొకటి, దాని వెనకాల చప్పుడు లేకపోవడమొకటి. రెండోది విని పరిగెత్తాను. పేజీ పోకుండా వేలు మాత్రం పుస్తకంలోనే ఉంది.

గడప దగ్గరి నుంచి గట్టు దాకా ఎర్రగా ఆవకాయ. పింగాణీ పెంకులు ముక్కల్లో కలిసిపోయాయి, ఏది టెంకో ఏది జాడీయో తెలీడంలేదు. ఆవ ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. మా ఆవిడ కాళ్ళు ఎటూ పెట్టలేక మధ్యలో నిలబడి ఉంది. ఏడాది తిండి అది. అమ్మాయికి పంపాల్సింది కూడా అందులోనే ఉంది. ఏదైనా అనాలి కదా. "పాపం!" అన్నాను.

"ఎవరిది?" అంది.

అక్కడితో ఆగి చేట తెచ్చి ఉంటే నేను మనిషినే. కానీ ఆ ప్రశ్న నన్ను పట్టేసింది. నిజంగా ఎవరిది? ఏ పాపమూ ఎరుగనివాళ్ళకి కష్టం వస్తే మనం పాపం అంటాం. సంస్కృతంలో అది చేసిన తప్పు, నరకానికి తీసుకుపోయేది. మన నోట్లో అది జాలి. మలయాళం వాళ్ళు, తమిళం వాళ్ళు కూడా దాన్ని పావం చేసి జాలికే వాడుకుంటున్నారు. ఇంగ్లీషువాడు ఇదే పని ఎదురు దిక్కునుంచి చేశాడు. లాటిన్ 'పియెటాస్' అంటే దేవుడి పట్లా, కన్నవాళ్ళ పట్లా ఉండాల్సిన భక్తి. ఫ్రెంచివాళ్ళ మీదుగా వచ్చిన ఆ ఒక్క మాటే ఇంగ్లీషులో రెండుగా చీలి 'పైటీ' అయింది, 'పిటీ' అయింది. అంటే వాళ్ళు పుణ్యంలోంచి జాలి పిండుకున్నారు, మనం పాపంలోంచి పిండుకున్నాం. ఇంతకంటే గొప్ప సంగతి ఆ క్షణాన ఈ భూమ్మీద ఇంకొకటి లేదనిపించింది. గుమ్మంలో నిలబడి ఇదంతా చెప్పాను కూడా. మా ఆవిడ ఆసాంతం విని, "పిండుకోవడం అయ్యిందా? పాత పంచె ఒకటి తీసుకురండి" అంది. నేను తెచ్చింది కొత్త తువ్వాలని తర్వాత తేలింది.

ఈలోగా చప్పుడు విని ఎదురింటి పిన్నిగారు వచ్చింది. వచ్చి, చూసి, "అయ్యో" అంది. ఇంకేమీ అన్లేదు. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, చెప్పకుండానే బియ్యప్పిండి డబ్బా ఎక్కడుందో తెలిసినట్టు తీసి, నూనె మీద గుప్పెళ్ళతో చల్లింది. పిండి నూనెని పీల్చి ఎర్రటి ముద్దలయింది. ఆ ముద్దల మీద అడుగు ఆనించుకుంటూ మా ఆవిడ బయటికొచ్చింది. వాళ్ళిద్దరూ నేల మీద కూర్చుని అట్టముక్కలతో ఎత్తిపోస్తుంటే నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. బకెట్టు పట్టుకోవడంలో నాకు మంచి పేరే ఉంది.

సాయంత్రానికి పరామర్శలు మొదలయ్యాయి. నవ్వకండి. ఆవకాయ పోయిన ఇంటికి పరామర్శకి రాని తెలుగు ఇల్లాలుంటుందా! ఒకావిడ దిష్టి పోయిందంది. ఇంకొకావిడ జాడీలు మానేసి ప్లాస్టిక్ డబ్బాల్లోకి దిగమంది. పైపైది తీసేసుకోవాల్సింది, నేలకి తగిలింది మాత్రమే పారబోయాల్సిందని మరో ఆవిడ తేల్చింది. పింగాణీ పెంకు గొంతులో దిగితే ఆవిడ వచ్చి తీస్తుందేమో. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు నేల చూసి, తర్వాత మా ఆవిడ మొహం చూసి, ఆనక నా వైపు ఒక్క చూపు చూసి ఊరుకున్నారు. న్యాయశాస్త్రంలో పరామర్శ అంటే ఇదే. కొండ మీద పొగ చూసి, పొగున్నచోట నిప్పుంటుంది, ఆ పొగ ఈ కొండ మీద ఉంది అని మనసులో కలుపుకునే మెట్టుని తార్కికులు పరామర్శ అన్నారు. దాని తర్వాతిది అనుమానం. వచ్చినవాళ్ళ అనుమానం నా మీదికి వచ్చింది. నేను హాల్లో ఉన్నానని రుజువు చేసుకోవడానికి నా దగ్గర సాక్ష్యం ఏముంది, పుస్తకంలో వేలు తప్ప?

మా పై ఫ్లాటులో ఓఎన్‌జీసీలో పనిచేసే లక్నో ఆయన ఉంటాడు. రాజమండ్రిలో ఆ కంపెనీ పుణ్యమా అని మాకు హిందీ పొరుగు దొరుకుతుంది. మెట్ల దగ్గర ఇంతమంది ఆడవాళ్ళని చూసి ఏమైందని అడిగాడు. నాకొచ్చిన హిందీలో "పరామర్శ్ కే లియే ఆయే హై" అన్నాను. ఆయన మొహం గంభీరమైపోయింది. హిందీలో పరామర్శ్ అంటే సలహా సంప్రదింపు. లాయరు దగ్గరో, డాక్టరు దగ్గరో చేసేది. నా భుజం మీద చెయ్యి వేసి, ఎంత పెద్ద చిక్కయినా కలిసి మాట్లాడుకుంటే తీరుతుందని ధైర్యం చెప్పి వెళ్ళాడు. మా ఇంట్లో విడాకుల పంచాయితీ జరుగుతోందని ఆయన ఇప్పటికీ అనుకుంటున్నాడేమో తెలీదు. పైగా అక్కడ జరిగిందేమిటో చూస్తే మా మాటకంటే ఆయన మాటే దానికి సరిగ్గా సరిపోయింది.

అన్నట్టు, ఆ రాత్రికి మా భోజనాల బల్ల మీద నాలుగిళ్ళ ఆవకాయలు చేరాయి. సలహాలిచ్చిన వాళ్ళు కూడా గిన్నె పంపారు. ప్లాస్టిక్ డబ్బా వాళ్ళ ఆవకాయ ఒట్టి ఉప్పు కషాయం, అది వేరే సంగతి.

వారం చివర అమ్మాయి వీడియో కాల్లో కనిపించి, తల్లి చెప్పిందంతా విని, నన్ను పిలిచింది. "అమ్మకి కావలసింది సింపతీ కూడా కాదు నాన్నా, ఎంపతీ" అంది. వాళ్ళ ఆఫీసులో దీనికి శిక్షణా తరగతులు పెడతారట. ఆ మాట నా దగ్గర అనడం దానిదే పొరపాటు. సింపతీ పాతది, గ్రీకువాళ్ళ సొత్తు, కలిసి అనుభవించడం. మన సానుభూతి దాని అడుగుజాడల్లోనే నడిచింది. ఎంపతీ మాత్రం నిన్నగాక మొన్నటిది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్ టిచెనర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, జర్మన్ వాళ్ళ 'ఐన్‌ఫ్యూలుంగ్' అనే మాటకి ఇంగ్లీషు కావాలని 1909లో గ్రీకు ముక్కలతో దీన్ని తయారుచేశాడు. ఆ జర్మన్ మాట మనుషుల కష్టసుఖాల కోసం పుట్టింది కాదు. 1873లో రాబర్ట్ విషర్ దాన్ని కళల గురించి చెబుతూ వాడాడు. ఒక శిల్పాన్నో, గుడి స్తంభాన్నో, కొండనో చూస్తున్నప్పుడు మన మనసు దానిలోకి దూరి, దానికి ప్రాణం పోస్తుందే, అది. ఇంత వరకూ చెప్పి అమ్మాయి మొహం చూశాను. తెర కదలడంలేదు. నెట్‌వర్క్ పోయిందో, తనే ఆపేసిందో. పక్కనుంచి మా ఆవిడ, "కొండల్లోకీ స్తంభాల్లోకీ దూరతారన్నమాట. వంటింట్లోకి మాత్రం సందు దొరకదు" అంది.

టిచెనర్‌కి ఈ మాట వినిపించగలిగితే బాగుండును.

మా చిన్నతనంలో ఈ వ్యవహారమంతా క్లుప్తంగా ఉండేది. టెలిగ్రాంలో మాటకింత అని వసూలు చేసేవారు కాబట్టి ఎంత దుఃఖమైనా నాలుగు ముక్కల్లోకి కుదించేవాళ్ళు. శుభాకాంక్షలకైతే తపాలావారే వాక్యాలు రాసి నంబర్లు వేసి పెట్టారు. దీపావళికొకటి, పెళ్ళికొకటి. మనం నంబరు చెబితే అవతల వాక్యం అందేది. నంబరు తారుమారై కొత్త పెళ్ళికొడుక్కి ఎన్నికల్లో గెలిచినందుకు అభినందనలు అందిన కథ ప్రతి ఊళ్ళోనూ తమ ఊళ్ళోనే జరిగినట్టు చెప్పుకునేవారు. మా వీధిలో టెలిగ్రామంటే చావు కబురే. సైకిలు గంట వినపడగానే మా నాయనమ్మ శోకం అందుకునేది. పోయిందెవరో తర్వాత చూసుకోవచ్చు. తీరా విప్పితే మా బాబాయికి ఉద్యోగం వచ్చిందని ఉండేది. ఎత్తుకున్న శోకం మధ్యలో దించడం మర్యాద కాదని, పాత చావులు రెండు తలుచుకుని పూర్తి చేసేది ఆవిడ. 2013 జులైలో బీఎస్ఎన్ఎల్ టెలిగ్రాం సర్వీసు ఎత్తేసింది. ఇప్పుడు సానుభూతి ఉచితం. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో 'రిప్' అని కొట్టి పక్కనొక దండం బొమ్మ పెడతారు. అది లాటిన్‌లో 'శాంతితో విశ్రమించుగాక' అనడానికి పొడి అక్షరాలు, ఇంగ్లీషులో చెప్పుకున్నా అవే అక్షరాలు కుదరడం దాని అదృష్టం. పుట్టినరోజు దీవెనలకి బదులు చెప్పడానికీ ఆ దండం బొమ్మే వాడతారు. ఒకే రోజున ఒకరు పుట్టి, ఒకరు పోతే గ్రూపు మొత్తం దండాలే. ఎవరివి ఎవరికో ఎవరికి వారే ఏరుకోవాలి.

మా అపార్టుమెంటు రెండో అంతస్తులో రిటైర్డ్ స్టేషన్ మాస్టరుగారి భార్య పోయినప్పుడు అసోసియేషన్ తరఫున సంతాప తీర్మానం ఇంగ్లీషులో రాసే పని నా మీద పెట్టారు. సెక్రటరీ అప్పటికే ఒక చిత్తుప్రతి రాశాడు. అందులో మరణాన్ని నేరుగా 'కండోల్' చేశాడు. మన పేపర్లన్నీ అలాగే రాస్తాయి. ఈనాటి ఇంగ్లీషువాళ్ళయితే మనిషి 'తో' కండోల్ చేస్తారు, చావుని చెయ్యరు. నేను అభ్యంతరం చెప్పాను. చెప్పిన రాత్రే నాకు అనుమానం వచ్చి షేక్‌స్పియర్ తీశాను. సుమారు 1599 నాటి హెన్రీ ది ఫిఫ్త్ నాటకంలో పిస్టల్ అనే డాంబికుడున్నాడు. ఫాల్‌స్టాఫ్‌కి జబ్బు చేసిందని తెలిసి, పదండి ఆ నైటుని కండోల్ చేద్దాం అంటాడు. 'తో' లేదు. అంటే మన పేపర్లవాళ్ళు చేస్తున్నది తప్పు కాదు, నాలుగు వందల ఏళ్ళ పాతది. ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌లో బాటమ్ అనే నేతపనివాడైతే వేషం కట్టి స్టేజీ మీద బావురుమని ఏడవడాన్నే కండోల్ చెయ్యడం అంటాడు. పిస్టల్ సంగతిలో అసలు తమాషా ఏమిటంటే, అప్పటికి ఫాల్‌స్టాఫ్ ఇంకా పోలేదు. మంచంలో ఉన్నాడు.

ఇదంతా సెక్రటరీకి చెప్పి క్షమాపణ కోరదామనుకున్నాను గానీ, ఆయన వినే రకం కాదు. సభలో రెండు నిమిషాలు మౌనం పాటించారు. మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవాళ్ళ కోసం బ్రిటిష్ రాజు 1919 నవంబరు 11న పెట్టించిన ఆ రెండు నిమిషాలు మా దగ్గరికొచ్చేసరికి అర నిమిషమయ్యాయి. అందులోనూ ఎవరిదో ఫోన్ మోగింది.

ఆ సభకి ముందే, ఎవరికీ చెప్పుకోలేని ఆ పిస్టల్‌ని గుండెల్లో పెట్టుకుని నేను స్టేషన్ మాస్టరుగారింటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తోచలేదు. తీర్మానంలో ఆవిడ గురించి ఏ మాట ఎలా రాయమంటారని అడిగాను. ఎందుకంత తర్జనభర్జన అని ఆయన అడిగితే, ఇదీ గొడవ అని నసిగాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పొద్దుట్నుంచీ అందరూ ఎలా పోయిందని అడుగుతున్నారు మాస్టారూ. అదే కథ చెప్పి చెప్పి నోరు పడిపోయింది. మీరొక్కరే ఎలా రాయాలని అడిగారు. ఆ పిస్టల్ ఎవడో చెప్పండి" అన్నాడు. చెప్పాను. బతికుండగానే కండోల్ చేశాడన్న దగ్గర ఆయన నవ్వేశాడు. "మా ఇంట్లోనూ జరిగింది. ఆస్పత్రిలో మా బావమరిది మంచం పక్కన కూర్చుని భోరుమంటే, ఇది కళ్ళు తెరిచి, నేనింకా ఉన్నాన్రా, కాఫీ తాగావా అంది" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆవిడ గురించే చెప్పాడు, పోయిన రోజు గురించి కాకుండా, బదిలీలయిన ఊళ్ళ గురించి, రైలు క్వార్టర్సులో పెంచిన బీరపాదు గురించి.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే నమ్మలేదు. నా పాఠం ఒకరికి పనికొచ్చిందంటే ఆవిడ నమ్మకపోవడం న్యాయమే. మర్నాడు వాళ్ళింటికి ఉప్మా ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆయనే చెప్పాడట. వచ్చి, కాసేపు నన్ను కొత్తగా చూసి, "కర్మ అయ్యేదాకా క్యారేజీ మీరే పట్టుకెళ్ళండి. మాటలు మీవి, చారు నాది" అంది. మోసుకెళ్ళాను. ఒక పూట చారు క్యారేజీ మూత సరిగా పెట్టక లిఫ్టులో కొంత ఒలికింది. దాన్ని ఇక్కడ రాయనవసరం లేదు.

ఈ విజయంతో నాకు ధీమా పెరిగింది. ఆ ధీమాలో ఉండగా అమ్మాయి నుంచి ఫోను. వాళ్ళ మేనేజరుగారి కుక్క చచ్చిపోయిందట. పదకొండేళ్ళ కుక్క, ఆవిడ ఆఫీసుకి కూడా రావడంలేదట. "కార్డు మీద రెండు లైన్లు రాయాలి నాన్నా, గంటలో కావాలి" అంది.

కుక్క విషయంలో కండొలెన్స్ కుదురుతుందా అన్నది ఒక ప్రశ్న. కుదురుతుంది, నొప్పి పడేది ఆవిడ కదా. మరి 'సారీ' అంటేనో? అందరూ అదే అంటారు. కానీ 'సారీ' పాత ఇంగ్లీషులో పుండు, సలుపు అనే మాట నుంచి వచ్చింది. దుఃఖం అనే అర్థమున్న 'సారో'కీ దీనికీ అసలు చుట్టరికమే లేదు. చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ తల్లులు వేరు. ఇక 'కమిసరేట్' రాద్దామా అంటే అందులో ఉన్న 'మిసర్' లాటిన్‌లో దీనుడు, ఇంగ్లీషులో పిసినారి. పదకొండేళ్ళు కుక్కని సాకిన మనిషిని పిసినారితో ముడిపెట్టడం బాగుండదు. ఇలా నేను కాగితం మీద మూడు మాటలు రాసి రెండు కొట్టేసేసరికి గంట దాటింది.

మా ఆవిడ ఫోన్ లాక్కుని, మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టి, "అయ్యయ్యో..." అంది. ఆపైన ఇంగ్లీషూ తెలుగూ కలిపి, తను చిన్నప్పుడు పెంచుకున్న కుక్క గురించి, అది పోతే వాళ్ళ నాన్న మామిడిచెట్టు కింద పాతిపెట్టడం గురించి చెప్పి, మధ్యలో ముక్కు చీది, అది కూడా రికార్డవుతూ ఉండగా, అమ్మాయికి పంపేసింది. అమ్మాయి ధైర్యం చేసి దాన్నే మేనేజరుకి పంపింది.

మర్నాడు జవాబొచ్చింది. ఆవిడ దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నదట, వాళ్ళాయనకీ వినిపించిందట. మొదట్లో మీ అమ్మగారన్న ఆ మాట ఏమిటి, దానికి ఇంగ్లీషేమిటి అని అడిగింది. అమ్మాయి ఆ ప్రశ్నని నాకు పంపి, "నాన్నా, ఇది నీ డిపార్టుమెంటు" అంది.

ఎంత కాలానికి ఒక సరైన ప్రశ్న! ముందుగా, దానికి ఇంగ్లీషు అక్కర్లేదు, అది ఇంగ్లీషే. 'అయ్యో'ని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తమ పెద్ద నిఘంటువులో 2016లోనే చేర్చుకున్నారు. కాబట్టి మా ఆవిడ మాట్లాడింది ప్రామాణికమైన ఇంగ్లీషు, కొట్టేసిన కాగితంతో మిగిలింది నేను. ఇది మొదటి పేరా. అక్కణ్ణించి అయ్యోకీ, అమ్మోకీ, అబ్బోకీ తేడాలు వివరిస్తూ రెండో పేజీలోకి వచ్చాను. కన్నవాళ్ళని పిలవడంలోంచి వచ్చిందా, ఒట్టి నిట్టూర్పులోంచి వచ్చిందా అన్నచోట ఉత్తరం కొంచెం ఆగింది. ఈలోపు వాళ్ళు కొత్త కుక్కపిల్లని తెచ్చుకున్నారని నిన్న అమ్మాయి చెప్పింది. ఫరవాలేదు. కంగ్రాచ్యులేషన్స్‌లో ఉన్నది కూడా అదే 'కాన్', కలిసి సంతోషించడం. రెండూ కలిపి ఒకే ఉత్తరంలో వేసేద్దామని చూస్తున్నాను.